జగజెట్టి – 4: నెత్తుటికి పట్టుబట్ట

దసరా రాత్రి కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో దేవరగట్టు కింద నిలబడితే ముందు చెవులు పనిచేస్తాయి, కళ్ళు తర్వాత. చీకట్లో దివిటీలు, వాటి కింద వందల కర్రలు, కర్రకు కర్ర తగిలే చప్పుడు. మాళమల్లేశ్వరుడి ఉత్సవ విగ్రహాలను నెరణికి, నెరణికితండా, కొత్తపేట వాళ్ళు కాచుకుంటూ వస్తారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాటిని దక్కించుకోవాలని ఎదురొస్తారు. ఏటా తలలు పగులుతూనే ఉంటాయి. పగిలిన తలకు పసుపు అద్దుకుని మళ్ళీ గుంపులోకి దూరుతున్న ఒక మనిషిని నేను దగ్గర్నుంచి చూశాను. నెత్తురు కంటి మీదికి కారుతుంటే ముంజేత్తో తుడుచుకున్నాడు. వేళ్ళతో తుడవలేదు. వేళ్ళకు పసుపుంది, అది కంట్లో పడితే మండుతుందని వాడికి తెలుసు.

అదే విజయదశమి నాడు, పగటిపూట, ఇంకోచోట ఇంకో తల మీద నెత్తుటి చుక్క పడుతుంది. మైసూరు రాజభవనం లోపలి ముంగిట్లో మట్టి పరిచిన బరి. నున్నగా గొరిగిన తలలు, తొడ సగానికే ఆగిన చల్లడాలు, కుడిచేతి వేళ్ళకు తొడిగిన ఆయుధం. ఇద్దరిలో ఎవరి తల మీద మొదటి చుక్క కనబడినా ఆట ఆపేస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు సర్దుకుని నిలబడేలోపే అయిపోతుంది. అది ముగిశాకే రాజవంశీకుడు జమ్మిపూజకు కదులుతాడు. దాన్ని వజ్రముష్టి కాళగం అంటారు. ఆడేవాళ్ళు జెట్టీలు.

రెంటికీ చుట్టరికం ఉందని నేను వాదించబోవడం లేదు. దేవరగట్టులో కర్ర పట్టినవాడు రైతు. ఆ ఒక్క రాత్రి వీరుడు, తెల్లారితే చేనికి పోతాడు. మైసూరు జెట్టి తాతముత్తాతల నుంచి పిడికిలినే వృత్తిగా మోసినవాడు. ఒకరికి కొట్లాట మొక్కు, ఇంకొకరికి జీతం. ఈ భాగంలో మనం చూడబోయేది ఆ జీతగాణ్ణి.

పోయిన భాగంలో కల్యాణి చాళుక్యుల కొలువులో ఆగాం. 12వ శతాబ్దంలో మూడో సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో మల్లవినోదానికి ఒక ప్రకరణం కేటాయించాడని, మల్లులను జ్యేష్ఠికులు, అంతరజ్యేష్ఠికులు, గోవలులు అని మూడు తరగతులు చేశాడని, వాళ్ళేం తినాలో, ఎవరితో ఎవరు తలపడాలో కూడా చెప్పాడని చూశాం. ఆ జ్యేష్ఠికుడే జనం నోట్లో నలిగి జెట్టి అయ్యాడు. జెట్టికి ముందు జగం చేరితే జగజెట్టి. ఇవాళ పేపర్లో బాక్సింగ్ వార్త రాసే కుర్రాడు ‘ప్రపంచ ఛాంపియన్’ అని రాస్తాడు గానీ, ఆ మాట మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది.

ఇప్పుడు కల్యాణి నుంచి కిందికి, తుంగభద్ర ఒడ్డుకు రండి. కాలం 1520 ప్రాంతం. గద్దె మీద కృష్ణదేవరాయలు.

మహర్నవమి ముందు రోజుల్లో విజయనగరానికి వచ్చే బాటలన్నీ కిక్కిరిసి ఉండేవి. గండికోట నుంచి, సిద్ధవటం నుంచి, కందనవోలు నుంచి, ఆదవాని నుంచి నాయకులు తమ బలగాలతో కదిలేవారు. కందనవోలంటే మన కర్నూలే. అలంపురం గుడికి రాళ్ళు మోసే బండ్లు నది దాటబోయే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన రాసుకునేవని, అందుకే ఆ పేరొచ్చిందని ఊళ్ళో ఇప్పటికీ చెబుతారు. నాయకుల ఎద్దుబండ్లకూ ఆ కందెన కావలసే వచ్చి ఉంటుంది. పండగంటే వాళ్ళకు ఊరికే పండగ కాదు. రాజుకు కట్టాల్సిన సొమ్ము లెక్క తేలేది ఆ రోజుల్లోనే. ఎవడి దండు ఎంత, ఎవడి గుర్రాలు ఎలా ఉన్నాయి, ఎవడు కట్టుబడి ఉన్నాడు, ఎవడు ముఖం చాటేశాడు అన్నీ అక్కడే తేలిపోయేవి. తొమ్మిది రోజులూ రాజు వాళ్ళకు ఆటపాటలు చూపించాడంటే, చూపించడంలోనే ఒక హెచ్చరిక ఉంది. వాళ్ళ ముందు నిలబెట్టిన జెట్టీల వరస కూడా ఆ హెచ్చరికలో భాగమే.

అప్పుడు అక్కడున్న పోర్చుగీసువాడు డొమింగో పేస్ కళ్ళు పెద్దవి చేసుకుని అన్నీ రాసుకున్నాడు. రాయల ముఖం మీది మశూచి మచ్చల్ని కూడా వదల్లేదు. రాజు పొద్దుటి సాము గురించి ఆయన రాసింది చదివితే తాలింఖానాకు పోయే కుర్రాళ్ళకు కూడా సిగ్గేస్తుంది. తెల్లవారకముందే లేచి ముప్పావు పింటు దాకా నువ్వులనూనె తాగేవాడట. ఒళ్ళంతా అదే నూనె పట్టించి, మొలకు చిన్న గుడ్డ చుట్టుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతుల్తో ఎత్తేవాడు. తర్వాత కత్తిసాము, తాగిన నూనె చెమటై కారిపోయేదాకా. ఆ తర్వాత తన జెట్టీల్లో ఒకణ్ణి పిలిచి కుస్తీ పట్టేవాడు. అదీ అయ్యాక గుర్రమెక్కి మైదానంలో తెల్లారేదాకా తిరిగేవాడు.

రాజుతో కుస్తీ పట్టిన ఆ జెట్టి సంగతి పేస్ రాయలేదు. నాకు మాత్రం వాడి మీదే ధ్యాస. గెలవకూడదు. అలాగని ఓడినట్టు నటిస్తే అవతలివాడు గుర్తుపట్టేంత మొనగాడు. రోజూ పొద్దున్నే ఆ ఇరకాటంలో పడి, చెమటకు నూనె కలిసి జారిపోయే ఒళ్ళును పట్టుకుని, సరిగ్గా ఎంత బిగించాలో అంతే బిగించాలి. కొలువులో ఉన్న కవికి కూడా ఇంత కష్టం ఉండి ఉండదు.

మహర్నవమి నాడు మాత్రం నటన లేదు. మధ్యాహ్నం దాటాక జెట్టీలు బరిలోకి దిగేవారు. తమ దేశంలో చూసిన కుస్తీలా ఇది లేదని పేస్ ఆశ్చర్యపోయాడు. ఇక్కడ పట్లతో పాటు గుద్దులున్నాయి. పళ్ళు రాలేంత, కన్ను పోయేంత, ముఖం చూసి మనిషిని గుర్తుపట్టలేనంత గుద్దులు. మాట పడిపోయినవాళ్ళను తోటివాళ్ళు మోసుకుపోతుండటం ఆయన చూశాడు. అదే సమయంలో అక్కడొక పద్ధతి కూడా ఉందని గమనించాడు. జెట్టీలకు నాయకులున్నారు, తీర్పరులున్నారు. సమ ఉజ్జీలను జత కలిపేదీ, గెలిచినవాడికి దక్కాల్సిన మర్యాద దక్కేలా చూసేదీ వాళ్ళే. అంటే ఇది వీధి కొట్లాట కాదు. జత కుదర్చడం, తీర్పు, బహుమానం, ఇంతమంది చూసేవాళ్ళు! ఇవాళ్టి బాక్సింగ్ రింగులో ఉన్నవన్నీ ఉన్నాయి, తాళ్ళు తప్ప.

పదిహేనేళ్ళు గడిచాయి. గద్దె మీద అచ్యుతరాయలు. ఇంకో పోర్చుగీసు, గుర్రాల బేరగాడు ఫెర్నావో నూనిజ్ వచ్చాడు. బేరగాడు కాబట్టి లెక్క ముందు రాస్తాడు. రాజు దగ్గర వెయ్యిమంది జెట్టీలున్నారు. వాళ్ళకొక నాయకుడున్నాడు. రాజ్యంలో వాళ్ళు ఇంకే పనీ చేయరు. ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొన్నేళ్ళు వరసగా వాన మొహం చాటేస్తే గింజ దొరకని నేల మనది. అలాంటి నేల మీద వెయ్యి నోళ్ళు, మామూలు నోళ్ళు కావు, పాలూ నెయ్యీ మినుములూ మాంసం అడిగే నోళ్ళు, ఏ పనీ చేయకుండా ఏడాదంతా తింటున్నాయంటే ఆ గింజ ఎక్కణ్ణుంచో రావాలి. అది గండికోట సీమ చెల్లించిన పన్నులోంచి వచ్చింది, కందనవోలు రేవులో వసూలైన సుంకంలోంచి వచ్చింది. జెట్టి కండలో సగం కొర్రసంగటి తిన్న రైతుది. పోటీకి టికెట్ కొనలేదు గానీ, ఆ పోటీకి ముందే డబ్బు కట్టినవాడు వాడే.

నూనిజ్ రాసిన ఇంకో సంగతి పేస్ రాతలో లేదు. జెట్టీల చేతుల్లో మొనలున్న రెండు చక్రాల్లాంటి కడియాలుండేవట. వాటితో కొట్టుకుని గాయాలు చేసుకునేవారట. ఎక్కువ గాయపడ్డవాడు వెళ్ళి రాజిచ్చే పట్టుబట్ట అందుకునేవాడట. అవును, ఎక్కువ గాయపడ్డవాడే. గెలిచినవాడికి కదా ఇవ్వాలి అని మనకు తోస్తుంది. కానీ ఆ తొమ్మిది రోజులూ అక్కడ ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. రోజూ దేవి ముందు దున్నలూ గొర్రెలూ తెగుతున్నాయి. ఆఖరి రోజున 250 దున్నలు, 4,500 గొర్రెలు తెగాయని పేస్ లెక్క. అలాంటి చోట మనిషి నెత్తురు బరి మీద పడితే దానికీ ఒక ఖరీదు ఉంటుంది. పట్టుబట్ట పరాక్రమానికి కాదు, పడ్డ నెత్తుటికి ఇచ్చిన మూల్యమని నేననుకుంటున్నాను. మైసూరులో ఇప్పటికీ మొదటి చుక్క దగ్గరే ఆట ఆగిపోవడం చూస్తే ఆ అనుమానం గట్టిపడుతుంది.

రాణివాసంలో కత్తీ డాలూ తిప్పే ఆడవాళ్ళున్నారని, కుస్తీ పట్టే ఆడవాళ్ళు కూడా ఉన్నారని నూనిజే చెప్పాడు. ఇంతకుమించి వాళ్ళ గురించి మనకు ఏమీ మిగల్లేదు. మహర్నవమి దిబ్బ రాళ్ళ మీద మల్లుల జంటలు మాత్రం ఇంకా మిగిలాయి. హంపి వెళ్ళినవాళ్ళు ఏనుగుల వరస చూసి మెట్లెక్కేస్తారు. ఆగి చూస్తే వాళ్ళు కనబడతారు.

వజ్రముష్టి అనగానే చాలామంది పిడికిట్లో వజ్రం ఊహించుకుంటారు. మన సీమ మనిషికి ఆ ఊహ మరీ సహజం. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వంగి వజ్రాలేరేవాళ్ళను చూస్తూ పెరిగాం కదా. ఈ వజ్రం అది కాదు, ఇంద్రుడి ఆయుధం. అలాగే ముష్టి అంటే పిడికిలి, మనకు అలవాటైన ముష్టి కాదు. ఒకే మాట ఒకచోట కొట్టే చెయ్యి, ఇంకోచోట చాచే చెయ్యి ఎందుకైందో భాషావేత్తలు చెప్పాలి. పిడికెడు గింజలే ముష్టి కాబట్టి అంటారు వాళ్ళు. ఈ కథ చివరికొచ్చేసరికి ఆ రెండు అర్థాలూ ఒకే మనిషి చేతిలో కలుస్తాయి.

1565 జనవరి 23. రక్కసి తంగడి దగ్గర అళియ రామరాయల తల తెగింది. మిగిలిన కథ మీకు తెలిసిందే. తమ్ముడు తిరుమలరాయలు రాజధాని వదిలి పెనుగొండ దారి పట్టాడు. 550 ఏనుగుల మీద ధనం తరలిపోయిందని చెబుతారు. ఆ ఏనుగుల వెనక కాలినడకన పోయినవాళ్ళకు లెక్క కట్టినవాడు లేడు. కవి అయితే ఇంకో రాజు పేర కృతి అంకితం చేస్తాడు. నర్తకి ఏ ఊళ్ళోనైనా గజ్జె కట్టుకోగలదు. శిల్పి చేతికి ఎక్కడైనా రాయి దొరుకుతుంది. జెట్టికి కావలసింది తనలాంటి ఇంకో జెట్టి, ఇద్దరికీ తిండి పెట్టే కొలువు, చూడ్డానికి ఒక రాజు. అవి మూడూ ఒకేచోట దొరకాలి. పెనుగొండకు ఆ వెయ్యిమందిని పోషించే శక్తి లేదు.

అందుకే జెట్టీలు చెదిరిపోయారు. తంజావూరు నాయకుల దగ్గర, మధుర నాయకుల దగ్గర, మైసూరు ఒడయార్ల దగ్గర చేరారు. తంజావూరులో వాళ్ళకు బొక్కసం, నగల గదుల కాపలా అప్పగించారు. చుట్టూ అరవం, ఇంట్లో తెలుగు, ఒంటి మీద జందెం. చిల్లర పనులకు మాత్రం చెయ్యి పెట్టేవారు కారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు, జెట్టీలను వృత్తి మల్లులైన తెలుగు కులమనే రాశాడు.

ఆ రోజుల కథ ఒకటి మైసూరులో ఇప్పటికీ చెబుతారు. తిరుచిరాపల్లిలో ఒక మహా జెట్టి ఉండేవాడట. తన చల్లడాన్ని కోట గుమ్మానికి వేలాడదీశాడట. లోపలికి వచ్చేవాడెవడైనా దాని కింద తల వంచి రావాలి, లేదా వాడితో తలపడాలి. మారువేషంలో వచ్చిన ఒక యువకుడు దాన్ని సహించలేక వాణ్ణి బరిలో చంపి, బహుమతి కోసం కూడా ఆగకుండా రాత్రికి రాత్రే వెళ్ళిపోయాడు. ఆ యువకుడే తర్వాత 1638లో మైసూరు గద్దెనెక్కిన రణధీర కంఠీరవ నరసరాజ ఒడయార్. పగబట్టిన తిరుచిరాపల్లి వాళ్ళు పంపిన హంతకులను శ్రీరంగపట్నం రాజభవనంలో తానొక్కడే నరికాడని కథలో రెండో అంకం. కన్నడంలో రాజ్‌కుమార్ దీన్ని సినిమాగా ఆడాడు. నిజం పాలెంతో గానీ, ఒక సంగతి మాత్రం ఇందులోంచి బయటపడుతుంది. జెట్టి ఓడితే ఓడింది మనిషి కాదు, ఆ రాజ్యం. నాయకుల మధ్య పంతాలన్నీ జెట్టీల నెత్తి మీద తేలేవి.

1610లో శ్రీరంగపట్నం చేజిక్కించుకున్న రాజ ఒడయార్, విజయనగరంలో ఆగిపోయిన మహర్నవమిని అక్కడ మళ్ళీ మొదలుపెట్టాడు. కంఠీరవుడు దానికి హంగులు పెంచాడు. జెట్టికి బతుకు దొరికింది.

ఆ బతుకు ఎలా సాగేదో మనకు చెప్పినవాడు మార్క్ విల్క్స్. మైసూరులో ఇంగ్లీషు రెసిడెంటుగా పనిచేసి, 1810లో తన చరిత్ర గ్రంథం మొదటి సంపుటం అచ్చువేసిన సైనికాధికారి. ఆయన చూపించిన బరిని ఒకసారి దగ్గరగా చూద్దాం.

జతలను ముందే పండగ పెద్దలు కుదిర్చిపెడతారు. మెడలో పూలదండలతో జెట్టి బరిలోకి వస్తాడు. నారింజరంగు చల్లడం తప్ప ఒంటి మీద ఏమీ లేదు. వాడి పేరు, ఊరు గట్టిగా చదువుతారు. ముందు దంతపు సింహాసనం మీది రాజుకు సాష్టాంగపడతాడు. తర్వాత జాలీ కిటికీల వైపు తిరిగి, వాటి వెనక కూచున్న రాణివాసానికి మొక్కుతాడు. అప్పుడు దండ తీసి, పూలు తుంచి బరి మీద చల్లుతాడు. ఇక మొదలు.

కుడిచేతి ఆయుధం గేదెకొమ్ముతో చేసింది. పిడికిలి కణుపుల్లాగే నాలుగు మొనలు, చిటికెనవేలి వైపు వాటికి అడ్డంగా ఐదోది, కాస్త పొడుగ్గా. చూస్తే ఒక్క దెబ్బకు తల రెండు చెక్కలయ్యేలా ఉంటుంది. కానీ అలా జరగదు. దాన్ని తొడిగే చోటులోనే కిటుకుంది. వేళ్ళ మొదటి, రెండో కణుపుల నడుమ అది అడ్డంగా కూచుంటుంది. బలమంతా పెట్టి కొట్టావా, నీ వేళ్ళే కీలు తప్పుతాయి. అందుకని కొట్టడం కంటే గీరడం ఎక్కువ. కొట్టాల్సింది తల మీదే, ఇంకెక్కడా కూడదు. ఆట ముగిసేసరికి ఇద్దరి నడినెత్తి నుంచి ఇసుక దాకా నెత్తురు కారుతుంటుంది, కానీ ఇద్దరూ నిలబడే ఉంటారు.

ఇక్కడొక చిన్న పోలిక చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండులో 1867లో క్వీన్స్‌బరీ నియమాలు వచ్చి బాక్సర్ల చేతికి గ్లవ్స్ తొడిగాయి. మెత్తటి గ్లవ్ అంటే అవతలివాడి తలకు రక్షణ అనుకుంటాం. నిజానికి అది కాపాడేది కొట్టేవాడి వేళ్ళను. వట్టి పిడికిలితో పుర్రె మీద శక్తికొద్దీ కొడితే విరిగేది పిడికిలే. గ్లవ్ ఉంటే ఆ భయం లేదు, ఎంతైనా కొట్టవచ్చు. మైక్ టైసన్ 1986లో 20 ఏళ్ళకే హెవీవెయిట్ కిరీటం గెలిచినప్పుడు ఎదుటివాడు ట్రెవర్ బెర్బిక్ రెండో రౌండులో లేవబోయి పడి, మళ్ళీ లేవబోయి పడ్డ దృశ్యం చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక్క నెత్తుటి చుక్క కనబడకుండానే మనిషి మెదడు కదిలిపోయింది. మన జెట్టి ఆయుధం దానికి సరిగ్గా తిరగేసిన పద్ధతి. కళ్ళకు ఘోరం, తలకు కాస్త మేలు. పేస్ చూసిన వట్టి పిడికిలి గుద్దులు, పళ్ళు రాల్చినవి, కళ్ళు పోగొట్టినవి, వాటి ముందు ఈ కొమ్ము ఆట దయగలదే. తరతరాలుగా తమ మనుషుల్ని పోగొట్టుకున్న కులం తనే కనిపెట్టుకున్న దయ అనిపిస్తుంది నాకు.

గెలుపు తేలిపోయినా, పోరు హద్దు మీరుతున్నా రాజు పక్కనున్న పెద్దలు తలపాగాలూ వస్త్రాలూ బరిలోకి విసిరేవారు. ఆపమని అదే సైగ, బహుమతీ అదే. గెలిచినవాడు నడిచి పోయేవాడు కాదు. నాలుగైదు పల్టీలు కొట్టుకుంటూ బరి దాటేవాడు, చూడండి, నాకింకా ఊపిరుంది అన్నట్టు. జెట్టీల్లో ఐదు తరగతులు. గెలిస్తే దక్కేది ముఖ్యంగా పై తరగతికి ఎక్కడం. మొదటి తరగతి వాళ్ళకు ప్రత్యేకంగా ఈనాములు. ముసలితనం వచ్చాక వాళ్ళే పండగ పెద్దలై కుర్రాళ్ళ జతలు కుదిర్చేవారు. పసితనంలో మట్టిలో దిగినవాడు, గుండు మీద గాట్లు లెక్కపెట్టుకుంటూ మెట్టు మెట్టు ఎక్కి, చివరికి తలపాగా విసిరే చోట కూచునేవాడు. కొలువు నిలిచి ఉన్నంతకాలం అది తెలిసిన దారే.

కొలువు నిలవలేదు.

విల్క్స్ రాయడానికి ముందే, 18వ శతాబ్దంలో హైదరలీ వచ్చాడు. 1779లో కడప మీద పడి, సిద్ధవటంలో నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ను పట్టుకుని కుటుంబంతో సహా శ్రీరంగపట్నానికి తీసుకుపోయాడు. బందీగా పోయిన కడప పరివారంలో ఎవరికైనా ఆ ఊళ్ళో తెలుగు మాట వినబడి ఉంటే, అది జెట్టీల ఇళ్ళ నుంచి కావచ్చు. టిప్పు కాలంలో ఆట స్వభావమే మారిపోయింది. పదేళ్ళు మైసూరులో బందీగా ఉన్న జేమ్స్ స్కర్రీ అనే ఇంగ్లీషు కుర్రాడు ఆ పోటీలు చూశాడు. గొరిగిన తలలు, నూనె పూసిన ఒళ్ళు, వేళ్ళ కణుపుల మీద ఉక్కు గోళ్ళు. మెడలోని పూలు తుంచి ఒకరి మొహాన ఒకరు కొట్టుకోవడంతో మొదలయ్యేదట. కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకునేవారట. వెనకాడితే పొడిచి ముందుకు తోయడానికి ఒక్కొక్కడి వెనకా ఇద్దరు బలిష్ఠులు నిలబడి ఉండేవారు. సుల్తాను చాలన్నదాకా ఆడాలి. మెప్పిస్తే తలపాగా, శాలువా.

విల్క్స్ చూపిన పండగ పెద్దలెక్కడ, ఈ వెనకనుంచి పొడిచే మనుషులెక్కడ! శత్రువు రాసిన రాత కాబట్టి కొంత తగ్గించి చదువుకోవాలి, సరే. అయినా ఇంకో పని వాళ్ళ నెత్తిన పడిందన్నది ఒక్క స్కర్రీ మాటే కాదు. బందీలకు మరణశిక్ష పడితే మెడ తిప్పి విరిచే పని జెట్టీలదే అయింది. 1799లో శ్రీరంగపట్నం ముట్టడి రోజుల్లో పట్టుబడ్డ ఇంగ్లీషు సిపాయిలను అలాగే చంపారని గెలిచినవాళ్ళు రాసుకున్నారు. జందెం వేసుకుని చిల్లర పని ముట్టమన్నవాళ్ళు తలారులయ్యారు. కూటి కోసం కోటి విద్యలన్నారు గానీ, ఈ విద్యను వాళ్ళు కోరి నేర్చుకుని ఉండరు.

మరుసటి ఏడాదే, 1800లో, నిజాం మన సీమను ఇంగ్లీషువాళ్ళకు అప్పగించేశాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. అప్పటికి ఈ జిల్లాల్లో 80 మంది పాలెగాళ్ళున్నారు. ఎవడి కోట వాడిది, ఎవడి కట్టుబడి బంట్లు వాడివి. ప్రతి పాలెంలోనూ సాము చేసే చోటొకటి, సాము నేర్పే గురువొకడు. ఏడేళ్ళలో మన్రో ఆ కోటల్ని ఖాళీ చేయించాడు. ఒప్పుకున్నవాళ్ళకు భత్యాలు, ఎదురు తిరిగినవాళ్ళకు గుర్రపు దండు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోట 1839లో పోయింది. పాలెగాడు పోతే వాడి భూమి సర్కారు లెక్కల్లోకి ఎక్కింది. వాడి సాముగురువు ఏ లెక్కలోకీ ఎక్కలేదు. మన్రో రైత్వారీ దస్తరంలో మెట్టకు, మాగాణికి, బావికి, తోటకు పద్దులున్నాయి. పిడికిలికి పద్దు లేదు.

తంజావూరులో 1855లో చివరి రాజు పోయాక అక్కడి జెట్టీలు చాలామంది మైసూరు బాట పట్టారు. మన తెలుగు జిల్లాల్లో మిగిలినవాళ్ళ పని ఏమిటో థర్స్టన్ ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి వెళ్ళిపోయాడు. ఒళ్ళు పడుతున్నారు. తైలాలు రాసి నరాల నొప్పులు, వాతాలు తగ్గిస్తున్నారు.

ఎందుకు కాదు? ఎముక ఎక్కడ కలుస్తుందో, కీలు ఏ వైపుకు తప్పుతుందో, మెడలో ఏ నరం మీద బొటనవేలు ఆనిస్తే మనిషి వదులవుతాడో వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? విరవడం నేర్చినవాడికి అతకడం అట్టే దూరం కాదు. రాజు పొద్దున్నే తాగి ఒంటికి పూసుకున్న అదే నువ్వులనూనెను వేడిచేసి, గొడ్డలి దెబ్బకో బండి మీంచి పడో చెయ్యి బెణికిన రైతు ముందు గొంతుకూచున్నాడు జెట్టి మనవడు. పని అయ్యాక ఆ రైతిచ్చింది చేటలో పిడికెడు కొర్రలు. ముష్టి అంటే మొదట పిడికిలి అని, తర్వాత పిడికెడు గింజలని చెప్పుకున్నాం కదా.

కర్నూలు పాతబస్తీలో, కడప వీధుల్లో తాలింఖానాలు మిగిలాయి. పీర్లపండక్కి గరిడీ ఆడే కుర్రాళ్ళు, ఉగాదికి గుండ్లెత్తే మొనగాళ్ళు మిగిలారు. అది వినోదం, జీతం కాదు. దెబ్బ తగిలితే ఇంటికి పోయి పసుపు పెట్టుకోవాల్సిందే.

జీతమిచ్చే రాజు పోయాడు. ఆ చోటులోకి ఇంకొకడు రాబోతున్నాడు. వాడికి సింహాసనం లేదు, ఒక పెద్ద గుడారం, ఒక టికెట్ల బల్ల ఉన్నాయి. 1882లో వీరఘట్టంలో పుట్టి, హంపి కాని ఇంకో విజయనగరంలో పెరిగి, గుండె మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడు ఆ గుడారం ముందు నిలబడి ఉన్నాడు. వచ్చే భాగంలో టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్దాం.